తెల్లపిల్ల సాక్ష్యం

తలపాగా గుడ్డను తాడుగా పేని, కొండ అంచున రాతికి కట్టి కిందికి జారుతున్న యువరాజు కువలయుడికి సగం దూరం దిగేసరికి తాడు అయిపోయింది. పైన అరుణగిరి కోట బురుజుల మీద కావలివాళ్ళ ఈటెలు ఉదయపు ఎండకి మెరుస్తున్నాయి. కింద ముళ్ళగుంట నోరు తెరుచుకుని ఉంది.

పేరుకే గుంట. అది కోటకి ఉత్తరాన నిలువునా చీలిన లోయ. అడుగు కనబడకుండా తుమ్మలు, తుమ్మల మీదికి పాకిన రేగు, ఆ రెంటి సందుల్లో నాగజెముడు. మంచు పడిన పొద్దున ప్రతి ముల్లు చివరా ఒక నీటిబొట్టు నిలిచి, ఆ బొట్టులో సూర్యుడు ఎర్రగా వెలిగి, లోయ మొత్తం కెంపులు పరిచినట్టు ఉంటుంది. చూడ్డానికి అంత అందమైన చోటు ఆ రాజ్యంలో ఇంకొకటి లేదు. అరుణగిరి ఆడవాళ్ళు పిల్లల్ని భయపెట్టడానికి దాని పేరు చెప్పేవారు. మగవాళ్ళు ఆడవాళ్ళని భయపెట్టడానికి చెప్పేవారు.

అరుణగిరిలో ఎరుపంటే ప్రాణం. జెండా మీద ఎర్రపుంజు. రాజవంశం వాళ్ళ జుట్టు రాగితీగల్లా ఉంటుంది. కోటలో పెంచే కోళ్ళు కూడా మెడ నుంచి తోక దాకా ఎరుపే. ఆ మందలో ఎప్పుడైనా తెల్లపిల్ల పుడితే, పెట్ట దారి తప్పిందని తీర్పు. పెట్టనీ పిల్లనీ ముళ్ళగుంటలోకి విసిరేస్తారు. పుంజుకి ఆ పూట నానబెట్టిన జొన్నలూ, కొత్త పెట్టా.

కిందటి నెల అరుణగిరి మహారాణి తరళాదేవి ఆడపిల్లను కంది. పిల్ల తల మీద జుట్టు దూదిలా తెల్లగా ఉంది.

"కోళ్ళకున్న ధర్మం రాణులకి మాత్రం లేదా?" అన్నాడు రాజగురువు ధూమకర్ణుడు. పగలు గురువు, రాత్రి మాంత్రికుడు. తన గుహలోని దేవతకి తెల్లజుట్టు పసిపిల్లను బలి ఇస్తే చావు లేని వరం దొరుకుతుందని ఏళ్ళ తరబడి కాచుకున్నవాడు. రాణిని ముళ్ళగుంటకీ, పిల్లను దేవతకీ ఇవ్వమన్నాడు. రాజు శోణవర్మ తల వంచుకుని సరేనన్నాడు. ఆయన పెళ్ళినాటి నుంచీ తల వంచుకోవడంలో దిట్ట.

ఒక్క దారి మిగిలింది. రాణి పుట్టింటివాళ్ళు ఒక ఎర్రపెట్టను తెచ్చి, కోట పుంజుతో రాజముద్ర వేసిన కంచు పంజరంలో ఉంచి, అందులో తెల్లపిల్లను పుట్టించి చూపిస్తే రాణి నిర్దోషి. దాన్ని తెల్లపిల్ల సాక్ష్యం అంటారు. అందులో నెగ్గినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆ సాక్ష్యం తెస్తానని నిండు సభలో మాట ఇచ్చి, ఇప్పుడు తాడు చివర వేలాడుతున్నవాడు రాణి తమ్ముడు కువలయుడు.

చంద్రకోన రాజుకి అతను రెండో కొడుకు. అన్న కత్తిసాము నేర్చుకునే వేళకి ఇతను కోళ్ళగూటిలో ఉండేవాడు. కత్తి కూడా నేర్చుకున్నాడు కానీ, ఊరు అతనికి పెట్టిన పేరు మాత్రం 'గంపల యువరాజు'. ఆ గంపల దగ్గరే అతను ఒక సంగతి చూశాడు. తెల్లపుంజును ఎర్రపెట్టతో కలిపితే పిల్లలన్నీ ఎర్రవే పుట్టాయి. తెలుపు పోయిందన్నారు అందరూ. ఆ ఎర్రపిల్లలు పెరిగి, వాటిలో వాటికి పిల్లలు పుట్టాక, ఎరుపుల మధ్య ఒక తెల్లపిల్ల కళ్ళు తెరిచింది. తెలుపు పోలేదు, దాక్కుంది. పైకి ఎర్రగా కనబడే తల్లిలోనూ తండ్రిలోనూ దాక్కుంటే తప్ప అది బయటపడదు.

కాబట్టి అతనికి తెలుపును దాచుకున్న ఎర్రపెట్ట కావాలి. అరుణగిరిలో అలాంటివి ఉన్న చోటు ఒక్కటే. తెల్లపిల్లను కన్నందుకు విసిరేసిన చోటు.

కువలయుడు తాడు వదిలేశాడు.

రేగుకొమ్మల మీద పడి, అవి విరిగి, తుమ్మకొమ్మ మీద పడి, అదీ విరిగి, చివరికి నేల మీద వెల్లకిలా పడ్డాడు. ఒళ్ళంతా గీతలు. లేవబోయేసరికి నడుం చుట్టూ ఏదో చల్లగా బిగిసింది. కొండచిలువ! తాటిదూలమంత లావు. ఒక చుట్టు, మరో చుట్టు. కత్తి ఒరలోనే ఉంది, చెయ్యి చుట్టలో ఉంది. పక్కటెముకలు కిర్రుమన్నాయి.

"కదలకురా సచ్చినోడా! కదిలితే ఇంకా బిగిత్తది!"

పొదలోంచి ఒక ఆడమనిషి వచ్చి, చేతిలో ఉన్న నిప్పులకుండను పాము తోక మీద బోర్లించింది. చిలువ బుస్సుమని చుట్టలు వదిలి పొదలు విరుచుకుంటూ పారిపోయింది. కువలయుడు దగ్గుతూ లేచి కూర్చుని ఆమె వంక చూశాడు. నలభై దాటిన మనిషి. తోళ్ళూ ఆకులూ కలిపి కుట్టిన చీర. బలమైన చేతులు. తల మీద జుట్టు మాత్రం పాలలో ముంచి తీసినట్టు ఉంది.

"ఇక్కడికి ఆడముండలు పడతారు గానీ మగోళ్ళు పడరే! నువ్వేం చేశావు?" అంది ఆమె. "తెల్లపిల్లని కన్నావా?"

"నేను కనలేదమ్మా. మా అక్క కన్నది."

ఆమె నవ్వబోయి మానేసింది. ఆమె పేరు ముళ్ళమ్మ.

పొదల వెనక ఆమె గుడిసె, గుడిసె చుట్టూ కోళ్ళు. వాటిని చూసి కువలయుడికి ఒంటినొప్పులు కూడా గుర్తు రాలేదు. ఎర్రవి, తెల్లవి, ఎరుపూ తెలుపూ కలిసి మేస్తున్నాయి. కోట మీద నుంచి విసిరిన పెట్టలు రెక్కలు కొట్టుకుంటూ దిగి బతికాయి. పైన కలిసిన పుంజు తాలూకు గుడ్లే కింద కొన్నాళ్ళు పెట్టాయి, పొదిగాయి. అవే ఈ మంద.

"ఇదిగో, ఇవి సూడు." ముళ్ళమ్మ చూరు కింద నుంచి రాగికడియాల గుత్తి తీసి అతని ఒళ్ళో వేసింది. కోటలో ప్రతి పెట్టకీ, దాన్ని ఏ పుంజుకి అప్పగించారో ఆ పుంజు గుర్తు కొట్టిన కడియం కాలికి తొడగడం ఆచారం. కువలయుడు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. అన్నిటి మీదా ఒకటే గుర్తు. కిరీటం పెట్టుకున్న పుంజుతల.

"రక్తకేతు!" అన్నాడు. అది రాజుగారి పట్టపుపుంజు. పదహారు పందేలు గెలిచింది. దాని మెడకి బంగారు గొలుసు ఉంది. దాని జాతి అంత శుద్ధమైనది భూమ్మీద లేదని సభలో పద్యాలు చదువుతారు.

"ఆడే. ఆడి పెళ్ళాలే ఇయ్యన్నీ," అంది ముళ్ళమ్మ. "ఆడికి ముందు ఆడి బాబు పెళ్ళాలు వచ్చేవి. పెట్ట మారుతుంది, తెల్లపిల్ల మారదు. మరి అయ్యా, పెట్టలన్నిటినీ ఇక్కడ పారేసి పుంజుని అక్కడే ఉంచుకుంటే తెలుపు ఎక్కడికి పోద్ది? ఆ మాత్రం ఎవుడికీ తోచలేదా?"

కువలయుడికి కూడా అంతవరకు తోచలేదు. తెలుపు దాచుకున్న పెట్ట కోసమే వెతికాడు గానీ, పుంజు ఎక్కడ దొరుకుతుందా అని భయపడుతూనే ఉన్నాడు. అది కోట నడిబొడ్డున, బంగారు గొలుసుతో, పద్యాలు వింటూ కూర్చుని ఉంది.

"నాకు ఒక పెట్ట కావాలి," అన్నాడు. "పైకి ఒక్క తెల్ల ఈక ఉండకూడదు. లోపల మాత్రం తెలుపు ఉండి తీరాలి."

ముళ్ళమ్మ మందలోకి వెళ్ళి ఎర్రగా నిగనిగలాడే, ఇంకా ఏ పుంజుతోనూ కలవని పడుచు పెట్టను చంకన పెట్టుకొచ్చింది. "దీని తల్లి అదిగో, ఆ తెల్లది. పిల్లకి తల్లిది సగం, తండ్రిది సగం. ఆ తెల్లదాని దగ్గర ఇవ్వడానికి తెలుపు తప్ప ఇంకోటి లేదుగా. దీనికి ఇచ్చే ఉంటది."

"రక్తకేతులోనూ సగం, దీనిలోనూ సగం. నాలుగు పిల్లలకి ఒకటి తెల్లగా పుట్టాలి." అతని మొహం మళ్ళీ వాడింది. "పుట్టాలి అంతే. పది పిల్లల్లో ఒకటీ పుట్టకపోనూ వచ్చు."

"పుట్టకపోతే?"

"మా అక్క ఇక్కడికి వస్తుంది. మేనకోడలు ధూమకర్ణుడి కత్తి కిందికి వెళుతుంది. దాని జుట్టూ నీ జుట్టులాగే ఉంటుందమ్మా."

ముళ్ళమ్మ గుడిసెలోకి వెళ్ళి, చిలుము పట్టిన ఒక పసిపిల్ల కాలిగజ్జె తెచ్చి చూపించింది. దాని మీద రాజముద్ర. తనను ఒక రాత్రి పట్టుబట్టలో చుట్టి పై నుంచి విసిరారు. కోట నుంచి తరిమేసిన కోళ్ళమనిషి ఒకతె ఈ లోయలో బతుకుతూ, తుమ్మకొమ్మకి చిక్కుకున్న మూటను దింపి పెంచింది. ఆమే అంతా చెప్పి చనిపోయింది.

"పైనున్న రాజు నా తోడబుట్టినోడంట. నా తర్వాత పుట్టాడు. ఆడి జుట్టు రాగిరంగంట గదా, అదృష్టవంతుడు."

కువలయుడు లేచి నిలబడి చేతులు జోడించాడు. "వదినా!" అన్నాడు.

"ఎవరికిరా వదిన?" అని కసిరింది గానీ, ఆ పిలుపు విన్నాక ఆమె చేతిలో పెట్ట కాస్త జారింది. "బయటికి సొరంగం ఉంది. కొండ కిందుగా ఏటి ఒడ్డుకి పోద్ది."

"దారి ఉంటే ఇన్నేళ్ళూ ఇక్కడెందుకున్నావు?"

"దారి ఉంది. బయట చోటు లేదు," అంది ముళ్ళమ్మ. "పద. ఆ పిల్ల జుట్టు ఒకసారి చూసొత్తాను."

మర్నాడు కువలయుడు అరుణగిరి సభలో అడుగుపెట్టాడు. వెనక గంప మోస్తూ ఎర్రజుట్టు దాసి. ముళ్ళమ్మ జుట్టుకి ఎర్రటి కావిరాయి నూరి, గంజిలో కలిపి పట్టించాడు. లోయ అంచునే కట్టిన తీర్పుమండపం అది. పగడపు స్తంభాలు, స్తంభాల మీద రెక్కలు విప్పిన బంగారు పుంజులు, పైకప్పు నిండా కెంపుల నక్షత్రాలు. మధ్యాహ్నపు ఎండ లోపలికి రాగానే నేల మీద రక్తం పారినట్టు ఎర్రటి వెలుగు పరుచుకుంటుంది. సింహాసనం మీద శోణవర్మ. పక్కన ముత్యాల తెర వెనక రాజమాత అరుణాంబ. మూలన, ఇద్దరు భటుల మధ్య, ఒళ్ళో పసిపిల్లతో తరళాదేవి.

ధూమకర్ణుడు పెట్టను పట్టుకుని ఈక ఈకా విడదీసి చూశాడు. రెక్కల కింద చూశాడు. తెల్ల ఈక దొరకలేదు.

"గురుదేవా, ఒక్క మనవి," అన్నాడు కువలయుడు, గొంతు వణికించి. "ఏ పుంజునైనా ఇవ్వండి. రక్తకేతును మాత్రం ఇవ్వకండి. అంత శుద్ధమైన రక్తం ముందు నా సాక్ష్యం నిలవదు."

ధూమకర్ణుడి గడ్డంలో నవ్వు పాకింది. "బెదిరిపోయావా, గంపల యువరాజా? రక్తకేతునే తీసుకురండి!"

పుంజునూ పెట్టనూ కంచు పంజరంలో పెట్టారు. రాజముద్ర పడింది. పెట్ట గుడ్లు పెట్టింది, పొదుగుడుకి కూర్చుంది. మూడు వారాలు. పంజరం పక్కనే ముళ్ళమ్మ చాప వేసుకుంది.

మొదటి వారంలో ధూమకర్ణుడు మంత్రించిన నల్లతాచును పంపాడు. అది పంజరం ఊచల మధ్య పడగ దూర్చగానే ముళ్ళమ్మ తోక పట్టి గిర్రున తిప్పి స్తంభానికేసి కొట్టింది. రెండో వారంలో మంచుగాలిని వదిలాడు. మండపంలో నీళ్ళు గడ్డకట్టాయి, కావలివాళ్ళ మీసాలు తెల్లబడ్డాయి. పెట్ట వణుకుతూ కూడా గుడ్ల మీద నుంచి లేవలేదు. ముళ్ళమ్మ తన చీరకొంగు పంజరం చుట్టూ కప్పి, నాలుగు వైపులా కుంపట్లు పెట్టి, తెల్లారేదాకా ఊదుతూ కూర్చుంది. మూడో వారంలో పొగలోంచి ఒక పిశాచం గద్దరూపంలో దిగింది. కువలయుడి కత్తి దాని రెక్క నరికితే నేల మీద పడింది రెక్క కాదు, ధూమకర్ణుడి చిటికెనవేలు. ఆ తర్వాత రాజగురువు ఎడమచేతిని శాలువాలోంచి బయటికి తీయలేదు.

ఆ రోజుల్లో తరళాదేవి పిల్లకి పాలిస్తూ ఒకసారి దాసి వంక చూసి, "నీకు పిల్లలున్నారా?" అని అడిగింది. "లేరమ్మా, కోళ్ళున్నాయి," అంది ముళ్ళమ్మ. రాణి పిల్లను ఆమె చేతికిచ్చింది. ముళ్ళమ్మ ఆ తెల్లటి జుట్టును ఒక వేలితో నిమిరి, వెంటనే ఇచ్చేసింది.

గుడ్లు చిట్లే రోజు మండపం కిక్కిరిసింది.

మొదటి పిల్ల బయటికొచ్చింది. గోధుమరంగు, వీపు మీద కాటుకగీతలు. ఎర్రజాతి పిల్ల అలాగే పుడుతుంది. రెండోదీ అదే. మూడోదీ అదే. సభలో గుసగుసలు. ఇంకోటి, ఇంకోటి. అన్నీ గోధుమరంగే. ధూమకర్ణుడు పిల్లను ఇమ్మని కుడిచెయ్యి చాచాడు. తరళాదేవి పిల్లను గుండెకి అదుముకుంది. ఇక మిగిలింది ఒకే గుడ్డు. అది కదలడం లేదు.

"మురిగింది. తీసి పారేయండి," అన్నాడు ధూమకర్ణుడు.

ముళ్ళమ్మ ఎవరినీ అడగకుండా పంజరంలో చెయ్యి పెట్టి గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంది. "లోపల కొడతంది," అంది. "ఆగండి."

అందరూ ఆగారు. పెంకు మీద సన్నటి గీత. గీతలోంచి చిన్న ముక్కు. పెంకు రెండుగా విడిపోయి, తడిసిన పిల్ల ఆమె అరచేతిలోకి దొర్లింది. కుంపటి వేడికి ఒళ్ళు ఆరింది. కాటుకగీత ఒక్కటి లేదు. మీగడరంగు. తెల్లపిల్ల.

కువలయుడు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని సింహాసనం ముందు మోకరిల్లాడు. "బావగారూ, చూడండి! ముద్ర మీది. పంజరం మీది. పుంజు మీది. పెట్ట దారి తప్పలేదు. తెలుపు పుంజులోనూ ఉంది, పెట్టలోనూ ఉంది. రెండూ ఇస్తేనే పుట్టింది. మా ముత్తవ్వ జుట్టు పుట్టుకతోనే తెలుపని మా ఇంట్లో అందరికీ తెలుసు. అక్క వైపు నుంచి సగం వచ్చింది. మిగతా సగం..."

ఆ మాట ఎత్తకుండా ఉంటే బాగుండేదని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. శోణవర్మ ముందు పిల్లను చూశాడు. తర్వాత గొలుసు వేసుకుని ఠీవిగా నిలబడ్డ రక్తకేతును చూశాడు. తర్వాత తన భుజం మీద పడిన రాగిరంగు జుట్టును చూసుకున్నాడు. ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది.

"గురుదేవా," అన్నాడు రాజు నెమ్మదిగా. "ఆ కోడిపిల్ల ఏ రంగు?"

ధూమకర్ణుడు పిల్లను తేరిపార చూశాడు. "ఎరుపు, మహారాజా."

"మహామంత్రీ?"

"ఎరుపే ప్రభూ. కొంచెం లేత ఎరుపు."

"సేనాపతీ?"

"ఎరుపు."

అలా వరసగా అందరినీ అడిగాడు. పండితులు ఎరుపన్నారు. కవులు దానిమ్మ ఎరుపన్నారు. మూడు వారాలుగా పంజరం కాసిన కావలివాళ్ళు నేల చూపులు చూస్తూ ఎరుపన్నారు. కువలయుడి చేతుల్లో పిల్ల మీగడ ముద్దలా కూర్చుని కీచుకీచుమంటూనే ఉంది.

అప్పుడు ముళ్ళమ్మ, కోళ్ళకి నీళ్ళు పెట్టే కుండ ఎత్తి తల మీద గుమ్మరించుకుంది. కావిరంగు ధారలు కట్టి మొహం మీదుగా, చీర మీదుగా కారి నేల మీద మడుగైంది. కొంగుతో జుట్టు తుడుచుకుంది. తెల్లటి జుట్టు నడుం దాకా జారింది. ముత్యాల తెర దగ్గరికి నడిచి, ఒక్క ఊపుతో తెర లాగేసింది. గజ్జెను రాజమాత ఒళ్ళో వేసింది.

"ఆళ్ళని అడిగింది చాలు. నువ్వు చెప్పమ్మా," అంది. "నన్ను కన్నదానివి నువ్వే గదా. నా జుట్టు ఏ రంగు?"

రాజమాత అరుణాంబ చేతులు గజ్జెను గుర్తుపట్టాయి. వేళ్ళు దాని చుట్టూ ముడుచుకున్నాయి. ఆమె కళ్ళు ముళ్ళమ్మ నుదుటి మీద, చెవుల మీద, మెడ మీద తిరిగాయి. ఒక చెయ్యి లేచి ఆ జుట్టు దాకా వచ్చింది. అక్కడే ఆగి, కొడుకు వైపు చూసింది.

"ఎరుపు," అంది రాజమాత.

ముళ్ళమ్మ తల ఆడించింది, ఇంటికి రాని చుట్టం గురించి ఎవరో చెబుతుంటే విన్నట్టు. "సరేలే," అంది.

"దొంగసాక్ష్యం! రాణినీ ఈ దాసినీ గుంటలోకి తోయండి. పిల్ల నాది!" అని ధూమకర్ణుడు అరిచాడు. భటులు తరళాదేవిని అంచుకి ఈడ్చారు. కువలయుడు తెల్లపిల్లను అంగీలోకి జార్చుకుని కత్తి దూశాడు. మొదటివాడి ఈటె విరిగింది. రెండోవాడు స్తంభానికి గుద్దుకున్నాడు. ధూమకర్ణుడు శాలువాలోంచి మంత్రదండం తీసేలోగా, ముళ్ళమ్మ కుంపటి ఎత్తి అతని గడ్డం మీదికి విసిరి, రాణి చేతుల్లోంచి జారుతున్న పసిపిల్లను అందుకుంది. పెట్టను రెండో చంకన ఇరికించుకుంది.

"అక్కా, దూకు!" అన్నాడు కువలయుడు.

"ఎక్కడికిరా?"

"వాళ్ళు తోసే చోటికే. మన కాళ్ళతో మనం వెళదాం."

ముగ్గురూ కలిసి దూకారు. పైన గాలి, కింద ముళ్ళు. కానీ ఈసారి పడింది కొమ్మల మీద కాదు. పై నుంచి పడే పెట్టల కోసం ఇన్నేళ్ళుగా ముళ్ళమ్మ మండపం కిందుగా తీగలతో అల్లి కట్టిన, కువలయుడికి ముందే చూపించిన వల మీద. వల సాగి, ఒక పక్క తెగి, వాళ్ళను నేల మీదికి దొర్లించింది. తరళాదేవి భుజం చీరుకుపోయింది. పసిపిల్ల మాత్రం ముళ్ళమ్మ రొమ్ముకి అతుక్కుని, ఏడవడం కూడా మరిచిపోయి చూస్తోంది.

తరళాదేవి మోచేతుల మీద లేచి, తమ్ముడి వంక, ఆ తెల్లజుట్టు వంక చూసింది. సభలో ఆమె రాజమాతను అడిగిన మాట ఇప్పుడు అర్థమైంది. "దెబ్బ తగిలిందా వదినా?" అంది.

ముళ్ళమ్మ పిల్ల మొహం మీద పడ్డ ముల్లు తీసేస్తూ, "నేనే నీ మేనత్తని," అని దానితో గొణిగింది.

పై నుంచి ఏదో భుగ్గుమంది. కాలిన గడ్డంతో అంచున నిలబడ్డ ధూమకర్ణుడు దండం ఊపుతున్నాడు. నిప్పుముద్దలు లోయలోకి రాలుతున్నాయి. ఎండిన రేగు అంటుకుంది. తుమ్మలు పటపటా పేలాయి. ముళ్ళమ్మ గుడిసె కళ్ళ ముందే కొలిమి అయింది.

"సొరంగానికి పదండి!" అని ఆమె పరిగెత్తింది. సొరంగం నోటి దగ్గరికి వెళ్ళేసరికి లోపలి నుంచి దట్టమైన పొగ ఎదురొచ్చింది. ఏటి ఒడ్డున కూడా నిప్పు పెట్టించాడు. మూడు వారాలు వాడు పాముల్నీ గద్దల్నీ మాత్రమే పంపలేదు, వేగులవాళ్ళను కూడా పంపాడు.

మంట మూడు వైపులా దగ్గరవుతోంది. అప్పుడు కోళ్ళు కదిలాయి. ఎర్రవీ తెల్లవీ ఒకటే గుంపుగా మెడలు చాచుకుని, నాలుగో వైపున నల్లరాతి గోడకేసి ఉరికాయి. గోడలో మనిషి పక్కకి తిరిగితే పట్టేంత చీలిక. ఒక్కొక్కటీ అందులో దూరి మాయమవుతున్నాయి.

ముళ్ళమ్మ ఆగిపోయింది. "ఇటు నేనెప్పుడూ పోలేదు. లోపల గంటలు మోగుతుంటాయి. కర్పూరం వాసన వత్తాది."

కువలయుడు ముక్కు ఎగబీల్చాడు. కర్పూరమే. రక్తం వాసన కూడా. ధూమకర్ణుడి దేవత ఉన్న గుహకి వెనకదారి అది. ఏ పిల్లను ఎవరి నోటి నుంచి తప్పించారో, ఆ నోట్లోకే దారి.

అంగీలో తెల్లపిల్ల కదిలింది. ముళ్ళమ్మ చంకలోని ఎర్రపెట్ట పెనుగులాడి కిందికి దూకి, చీలిక ముందు నిలబడి, తన పిల్లను కొక్కొక్కుమని పిలిచింది.

ఆ క్షణాన పైన, పగడాల మండపంలో, బంగారు గొలుసు వేసుకున్న రక్తకేతు మెడ సాచి కోట అదిరేలా కూసింది. సభలో చప్పట్లు మోగాయి. లోయలో ఒక్క పెట్ట కూడా తల తిప్పి చూడలేదు. తరళాదేవి కూడా చూడలేదు. చిరిగిన పమిట బిగించి కట్టుకుని, ముళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, గంటల చప్పుడు వినబడుతున్న ఆ చీకట్లోకి అందరికంటే ముందు ఆమే అడుగు పెట్టింది.